పోటీ పరీక్షల ప్రత్యేకం: ఎస్.కోట దారిలో పర్యాటకం, పనివారి కొరత

విశాఖ నుంచి అరకు రోడ్డు శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగానే ఘాట్ ఎక్కుతుంది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గమూ ఇటే. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన ఈ లైనులో 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చింది. పట్టణం పక్కన పుణ్యగిరి, కాస్త దూరంలో గోస్తనిపై తాటిపూడి జలాశయం ఉన్నాయి.

ఇక్కడ అసలు చిక్కు సీజన్. రద్దీ అంతా శీతాకాలానిదే. నాలుగు నెలల జీతానికి ఏడాది పొడవునా ఎవరు కట్టుబడి ఉంటారు? వంట, హౌస్‌కీపింగ్ నేర్చిన కుర్రాళ్లు విశాఖ హోటళ్లకు వెళ్లిపోతారు. తప్పు వాళ్లది కాదు.

మెయిన్స్‌కు పనికొచ్చే కోణం మరొకటి. కొండమీది బొర్రా గుహల ప్రాంతం, అరకు ఐదో షెడ్యూలు ప్రాంతాలు. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూబదలాయింపు చెల్లదు. అనంతగిరి మండల గనుల లీజులపై వచ్చిన సమతా తీర్పు (1997) దీన్ని బలపరిచింది. అందువల్ల బయటి పెట్టుబడి హోటళ్లకు అక్కడ దారి ఇరుకు. ఎస్.కోట పట్టణం షెడ్యూలు పరిధిలో లేదు. కాబట్టి బసలు, శిక్షణ కేంద్రాలు ఇక్కడ పెట్టి, కొండమీది గిరిజన యువతను గైడ్లుగా, వంటవాళ్లుగా తీర్చిదిద్దడం మేలు. కేంద్ర పర్యాటక శాఖ ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ (2009-10) ఉద్దేశం కూడా ఇలాంటి స్వల్పకాలిక శిక్షణే.

జిల్లాల దగ్గర పొరబడకండి: ఎస్.కోట విజయనగరంలో, బొర్రా, అరకు 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి.