అంకణం చౌకగా వస్తోందంటే కారణం అడగండి

ప్రశ్న: తిరుపతిలో పదిహేనేళ్లుగా అద్దెకుంటున్నాం. ఊళ్లో కొత్తగా కడుతున్న అపార్టుమెంటులో చిన్న ఫ్లాటు చూశాం. అదే డబ్బుకు ఊరవతల స్వర్ణముఖి ఒడ్డున స్థలంతో సహా ఇల్లే వస్తుందని మధ్యవర్తి అంటున్నాడు. డీకేటీ పట్టా అట, జీపీఏ రాసిస్తారట. శుక్రవారమే అడ్వాన్సు ఇవ్వమంటున్నాడు. ఇవ్వచ్చా?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: శుక్రవారం ఇవ్వకండమ్మా. ఊరికి దూరమయ్యేకొద్దీ ధర తగ్గడం సహజమే. కానీ పక్క స్థలాల కంటే కూడా బాగా తక్కువకు వస్తోందంటే, లోపం కాగితంలోనైనా ఉండాలి, నేలలోనైనా ఉండాలి. మీకు చూపించిన ఇంటికి రెండు అనుమానాలూ ఉన్నాయి.

ముందు కాగితం. డీకేటీ అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం దాన్ని అమ్మినా కొన్నా చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ‘ఇరవై ఏళ్లు దాటింది, 2023లో చట్టం మారింది’ అని మధ్యవర్తి అనవచ్చు. ఆ మాట చాలదు. ఆ సర్వే నంబరును 22-ఏ నిషేధిత జాబితా నుంచి తీసేసినట్టు ఉత్తర్వు చూపించమనండి. తిరుపతి చుట్టూ మఠం భూములు, దేవుడి మాన్యాలు కూడా ఉన్నాయి కాబట్టి ఏ స్థలానికైనా ఈ జాబితా చూడాల్సిందే. ఇక జీపీఏ అంటే మరొకరికి అధికారం అప్పగించే పత్రమే, దానితో ఇల్లు మీది కాదు. రిజిస్టరు చేసిన సేల్ డీడ్ ఉంటేనే హక్కు వస్తుందని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పింది.

తర్వాత నేల. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగి, తిరుచానూరు దగ్గర ఒడ్డు కోసుకుపోయి ఒక ఇల్లు ఏట్లో కూలింది. అందుకే సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ అనే సర్వే కొలతల పటం చూపించుకుని, హద్దుల్లో ఏరు, వంక, చెరువు పోరంబోకు కలిసిందేమో తెలుసుకోండి. ఆ ఏడాది నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇరుగుపొరుగును అడగండి. గోడ మీద చార చూపిస్తారు.

ధరలు పోల్చేటప్పుడు కొలత కూడా చూసుకోండి. తిరుపతిలో అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. అంటే ఇక్కడ 4 గజాలు, అక్కడ 8. రెండు ధరలనూ గజాల్లోకి మార్చాకే బేరానికి కూర్చోండి.

ఫ్లాటుకు తుడా (పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన ప్లాను, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా రెరాలో నమోదు తప్పనిసరి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే సొంత ఖర్చుతో బాగు చేయాలి.

ఏది కొన్నా 30 ఏళ్ల ఈసీ (రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. రిజిస్టరు కాని ఒప్పందాలు ఈసీలో కనపడవు, అందుకే అసలు పత్రాలు కూడా చూడాలి. లాయరు ఫీజుకు వెనకాడకండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంస్థకు వెళ్లండి.

ఇల్లు చిన్నదైతే సర్దుకోవచ్చు. హక్కు లేని ఇంట్లో మాత్రం సొంత డబ్బు పోసి కూడా మళ్లీ అద్దెకున్నట్టే బతకాలి.