గడ్డి అంతా ఒకటి కాదు

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. పోయిన వేసవి సెలవులకి మొగల్తూరు వెళ్ళినప్పుడు, ఇన్‌స్టాలో ఒక గార్డెన్ రీల్ చూసి మా దొడ్లో కూడా గడ్డి మొక్కలు పెడదామనుకున్నాను. డబ్బులెందుకని బోదె గట్టు మీంచి నాలుగు దుబ్బులు పీక్కొచ్చి తోటకూర మడి పక్కన నాటేశాను. "అది తుంగరా, పీకెయ్" అంది మామ్మ. "గడ్డే కదా మామ్మా" అన్నాను. రెండు నెలల్లో మడంతా తుంగే. ఆ తోటకూర అమ్మిన డబ్బులే మామ్మ చేతిఖర్చు.

నాకు అన్నీ 'గ్రాస్'. మామ్మకి గరిక, తుంగ, జమ్ము, రెల్లు, దర్భ వేటికవే. ఇంటికి మొక్క ఎంచుకోవాలంటే ఆ తేడాలు తెలియాలి.

కాడ చూడండి: గడ్డి జాతి కాడ సాధారణంగా గుండ్రంగా, కణుపులతో ఉంటుంది. వరి, చెరకు, వెదురు ఈ కుటుంబమే. తుంగ జాతి కాడని వేళ్ళ మధ్య తిప్పితే చాలావాటికి మూడు అంచులు తగులుతాయి. ఈజిప్టువాళ్ళు రాసుకోడానికి వాడిన పాపిరస్ కూడా తుంగ జాతే. జమ్ముది వేరే కుటుంబం.

వేరు చూడండి: ఇదే అసలు పాఠం. నేను నాటిన తుంగకి మట్టిలో గడ్డలు గొలుసులా ఉంటాయి. మనం చదివిన లింక్డ్ లిస్ట్ లాగే. పైన మొక్క పీకితే ఒక నోడ్ పోతుంది, తెగిన మిగతా గడ్డలు మళ్ళీ మొలుస్తాయి. ఆయుర్వేదంలో వాడే తుంగముస్తలు ఆ గడ్డలే. 1977లో వచ్చిన 'ద వరల్డ్స్ వరస్ట్ వీడ్స్' పుస్తకంలో కలుపు మొక్కల్లో మొదటి స్థానం కూడా దీనిదే!

మరి ఏవి పెట్టుకోవచ్చు?

గొడుగు తుంగ: నర్సరీల్లో 'అంబ్రెల్లా పామ్' అంటారు గానీ పామ్ కాదు, తుంగే. నీళ్ళంటే ఇష్టం. నేలలో వద్దు, తొట్టిలోనే పెంచండి. నీళ్ళు నిలవుంటే దోమలు రాకుండా గప్పీ చేపలు వెయ్యండి. గొడుగు కోసి తలకిందులుగా నీళ్ళలో పెడితే వేళ్ళొస్తాయి.

వట్టివేరు: దుబ్బు కడుతుంది, పాకదు. వేళ్ళు నిలువుగా లోతుకి దిగి గట్టుని పట్టి ఉంచుతాయి. కొంత ఉప్పుని కూడా తట్టుకుంటుంది కాబట్టి మాలాంటి సముద్రం దగ్గరి ఊళ్ళకి మంచిది.

నిమ్మగడ్డి: ఎండ కావాలి, నీళ్ళు నిలవకూడదు. టీలోకీ పనికొస్తుంది.

స్పైడర్ ప్లాంట్: చూడటానికే గడ్డి. నీడలో, కుండీలో బాగుంటుంది.

ఫౌంటెన్ గ్రాస్ మాత్రం ఆలోచించి కొనండి. అందం కోసం తెచ్చిన ఆ గడ్డి హవాయిలో గాలికి విత్తనాలు ఎగిరి అంతటా పాకింది. ఎండితే మంటలు ఎక్కువవుతాయి.

కడియం నర్సరీలకి వెళ్ళినా, మీ వీధి చివర నర్సరీకి వెళ్ళినా ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఇది దుబ్బు కడుతుందా, పాకుతుందా?"

నేను మాత్రం దసరా సెలవులకి వెళ్ళి మిగిలిన గడ్డలు తవ్వాలి. మామ్మ గునపం తీసి పెట్టిందట.