ప్రవక్త చిత్రాన్ని ఎలా చూడాలి?

ఫ్లోరెన్స్‌లోని అకాడెమియా గ్యాలరీకి చాలామంది మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ కోసమే వెళతారు. అక్కడే యెషయా ప్రవక్త కూడా ఉన్నాడు. ఫ్రా బార్తొలొమియో 1516 ప్రాంతంలో చెక్కపలక మీద వేసిన తైలవర్ణ చిత్రమది. పునరుజ్జీవన కాలపు చిత్రాలు చూడటం కొత్తగా నేర్చుకునేవారు దీంతో మొదలుపెట్టాలంటాను. అంత దూరం వెళ్లలేకపోతే ఫోన్‌లోనే పెద్దది చేసి చూడండి.

మొదట చేతులు చూడండి. ప్రవక్తలు ఎలా ఉండేవారో చిత్రకారులకూ తెలియదు కనుక ముఖాన్ని బట్టి పోల్చుకోలేం. ఆనవాలు చేతిలోని రాతచుట్టలో ఉంటుంది. ఇక్కడున్నది యెషయా గ్రంథం 12వ అధ్యాయం రెండో వచనంలోని లాటిన్ మాట. తెలుగు బైబిల్ తెరిచి అదే వచనం చదువుకుంటే సరిపోతుంది. ఈ చిత్రకారుడు స్వయంగా డొమినికన్ సన్యాసి. 1500లో మఠంలో చేరి, నాలుగేళ్లపాటు కుంచె ముట్టలేదు. ఆ అక్షరాలను అలంకారంగా రాసి ఉంటాడని నేననుకోను.

తర్వాత భుజాలు, కూర్చున్న తీరు. 1512లో మైకెలాంజెలో రోమ్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు చిత్రాలు పూర్తి చేశాడు. ఆ తర్వాత రోమ్ వెళ్లిన బార్తొలొమియో మీద అక్కడి ప్రవక్తల బొమ్మల ప్రభావం బలంగా పడింది. ఆ బొమ్మలను పక్కన పెట్టుకుని చూస్తే పోలిక మీకే తెలుస్తుంది.

ఇక బట్టలు. ఇక్కడ తొందరపడకండి. ఒక్క మడతను పట్టుకుని, వెలుగున్న అంచు నుంచి నీడలోకి నెమ్మదిగా చూపు నడపండి. రంగు ఎక్కడ మారిందో వేలుపెట్టి చూపించడం కష్టం. తడి గార మీద వేసే ఫ్రెస్కోలో గార ఆరేలోపే పని ముగించాలి. నూనె రంగు నిదానంగా ఆరుతుంది కాబట్టి దిద్దుకోవచ్చు, పలుచని పొరలు ఒకదానిపై ఒకటి వేసుకోవచ్చు. బార్తొలొమియో కీళ్ల దగ్గర వంగే నిలువెత్తు కొయ్యబొమ్మ చేయించుకుని, దానికి బట్టలు కప్పి మడతలు అభ్యసించాడని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి చెప్పాడు. మనిషైతే కదులుతాడు, మడత చెదురుతుంది. ఈ బట్టల బరువు వెనక అంత ఓపిక ఉంది.

చివరగా, యెషయా ఎవరి గురించి చెబుతున్నాడో వెతకండి. ఈ పలక ఒంటరిది కాదు. సాంతిస్సిమా అనున్‌జియాటా చర్చిలో మధ్యన క్రీస్తు, నలుగురు సువార్తికులు. అటూ ఇటూ యెషయా, యోబు ఉండేవారు. ఇప్పుడు క్రీస్తు చిత్రం ఆర్నో నది అవతల పిట్టి ప్యాలెస్‌లో ఉంది. మూడింటినీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి, మళ్లీ యెషయాను చూడండి.