ఊరు మారినా మందు ఆగరాదు

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు గట్టున ఉన్న అమ్రోలి మరమగ్గాల పేట. ఒడిశాలోని గంజాం ప్రాంతం నుండి వచ్చిన కార్మికులు అక్కడ పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. నగరంలోని ఇతర పేటలలో తెలంగాణ నుండి తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఇరుకు గదులలో పలువురు కలిసి నివసించే చోట, గాలి ద్వారా సోకే క్షయ సులభంగా వ్యాపిస్తుంది. పెళ్ళికో, పండుగకో, పొలం పనికో స్వగ్రామానికి వెళ్ళిరావడం వలస జీవితంలో తప్పనిసరి. ఆ రాకపోకలలో మందు ఆగిపోవడం నుండే మొండి క్షయ పుట్టే అవకాశం ఉంది.

మొండితనానికి మూలం

రోగి ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక్క గుల్లలోనే పది కోట్ల దాకా క్షయ క్రిములు ఉండవచ్చు. వాటిలో సుమారు పది లక్షలకు ఒకటి ఐసోనియజిడ్‌కు, పది కోట్లకు ఒకటి రిఫాంపిసిన్‌కు సహజంగానే లొంగదు. ఒకే మందు వాడితే లొంగినవి నశిస్తాయి. లొంగనివి మిగిలి వృద్ధి చెందుతాయి. 1943లో అమెరికాలో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ విషయంలో ఇదే జరిగింది. తొలుత కోలుకున్న రోగులలో పలువురికి కొద్ది నెలలకే అది పనిచేయలేదు. అందువల్లనే అనేక మందులను కలిపి ఇచ్చే పద్ధతి ఏర్పడింది. సాధారణ క్షయకు నేడు మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు ఇస్తారు.

కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గడంతో రోగి తనకు నయమైందని భావిస్తాడు. అప్పుడు చికిత్స మానినా, మాత్రలు అరకొరగా వేసుకున్నా మొండి క్రిములకు అవకాశం దొరుకుతుంది. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని వ్యాధిని బహుళ ఔషధ నిరోధక క్షయ అంటారు. ఇది మందు మానినవారికే పరిమితం కాదు. అట్టి రోగి దగ్గినప్పుడు, మునుపెన్నడూ మాత్ర ఎరుగని సహచరునికి సైతం సోకగలదు.

చికిత్సలో మార్పు

ఒకప్పుడు క్షయ రోగులు మదనపల్లె సమీపాన ఉన్న ఆరోగ్యవరం వంటి శానటోరియంలలో నెలల తరబడి విశ్రమించేవారు. మందులు సక్రమంగా వాడితే ఇంటి వద్ద చికిత్స కూడా అంతే ఫలిస్తుందని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో నిరూపించింది. మొండి క్షయకు ప్రభుత్వ కార్యక్రమంలో చికిత్స 2007లో గుజరాత్, మహారాష్ట్రలలో మొదలైంది. నాటి చికిత్స రెండేళ్ళ వరకు సాగేది. అందులోని సూదిమందుల వల్ల కొందరికి వినికిడి పోయేది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిసిన 26 వారాల చికిత్సకు కేంద్ర ప్రభుత్వం 2024లో ఆమోదం తెలిపింది. ఇవన్నీ నోటి ద్వారా తీసుకొనే మందులే. అయితే రక్తం, నరాలు, గుండెపై వాటి ప్రభావాన్ని వైద్యులు గమనిస్తూ ఉండాలి.

కార్మికుని కర్తవ్యం

కళ్ళెలోని క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో జన్యుపరీక్ష సుమారు రెండు గంటలలో తెలుపుతుంది. ప్రభుత్వ కేంద్రాలలో పరీక్ష, మందులు ఉచితం. 2018లో నెలకు 500 రూపాయలతో ప్రారంభమైన పోషణ సహాయాన్ని 2024 నవంబరు నుండి 1,000 రూపాయలకు పెంచారు. రోగి వివరాలు నిక్షయ్ అనే జాతీయ నమోదులో ఉంటాయి గనుక, ఒక రాష్ట్రంలో మొదలైన చికిత్సను మరొక రాష్ట్రానికి బదిలీ చేయవచ్చు. ప్రయాణానికి ముందే ఆరోగ్య కార్యకర్తకు తెలియజేసి, దారిలో సరిపడే మందులు వెంట ఉంచుకొని, ఊరు చేరగానే అక్కడి కేంద్రానికి వెళ్ళడం రోగి బాధ్యత. అతని భాషలో ఆ సంగతి బోధపరచడం, సెలవిచ్చి సహకరించడం చుట్టూ ఉన్న సమాజపు బాధ్యత.