ఏడు పెంకులాట – ఒక పరిశీలన

ఆటలనగానే నేటి విద్యార్థికి క్రికెట్టు, షటిల్ స్ఫురించుట సహజము. కాని పైసా ఖర్చు లేకుండ, పగిలిన ఇంటి పెంకులతోను ఒక బంతితోను మన పెద్దలు ఆడుకొన్న ఆట ఒకటి కలదు. అదియే ఏడు పెంకులాట. తెలుగునాట ఈ పేరుతో ప్రసిద్ధమైన దీనినే హైదరాబాదులో లింగోచ అనియు, కర్ణాటక, మహారాష్ట్రలలో లగోరి అనియు, రాజస్థానములో సతోలియా అనియు, ఉత్తర భారతమునను పాకిస్తానునను పిట్ఠూ అనియు పిలుతురు. పేర్లు పలు, ఆట ఒక్కటే.

గోపాలపట్నములో మిత్రులతో కూడి మేము నేర్చుకొన్న పద్ధతిని ఇచట వివరింతుము. ఊరూర నియమములు కొంత మారుచుండును.

ఆటగాండ్రు రెండు సమాన జట్లుగా విడిపోవుదురు. ఏడు పెంకు ముక్కలను పెద్దది అడుగున, చిన్నది పైన ఉండునట్లు పేర్చుదురు. ఒక జట్టువాడు గీత వద్ద నిలిచి బంతితో ఆ దొంతరను పడగొట్టవలెను. ఇందుకు మూడు అవకాశములుండును. దొంతర పడినంతనే కొట్టిన జట్టే దానిని తిరిగి పేర్చవలెను. ఎదుటి జట్టు బంతితో వారిని కొట్టి ఆపవలెను. బంతి చేతనున్నవాడు పరుగెత్తరాదు, తనవారికి అందింపవలెను. బంతి తగిలినవాడు ఆటనుండి తొలగును. ఏడు పెంకులును నిలిచినచో పేర్చినవారిదే గెలుపు.

ఈ ఆట పుస్తకము చదివినంత మాత్రమున రాదు. మిత్రుల నడుమనే వచ్చును. మొదట బంతి లేకుండ పేర్చుట అభ్యసింపవలెను. ఏ పెంకు ఏ పెంకుపై నిలుచునో కన్ను గాక చేయి గుర్తుపట్టవలెను. బరువు అడుగున నున్నప్పుడే గరిమనాభి క్రిందికి దిగి దొంతర స్థిరపడునను భౌతికశాస్త్ర సూత్రము ఇచట చేతికే తెలియును. పిమ్మట జట్టులో పని పంచుకొనుట నేర్వవలెను. ఒకడు కావలెనని బంతికి ఎదురుగా మెలగి దానిని తనవైపు ఆకర్షించును. ఆ క్షణములో మరొకడు రెండు పెంకులు నిలుపును. దెబ్బ తిన్నవాని పేరు ఎవరికిని గుర్తుండకపోవచ్చును. కాని వాడు లేనిదే ఏడవ పెంకు నిలువదు. దొంతరను కూల్చుటకు ఒక్క విసురు చాలును. నిలుపుటకు జట్టంతయు కావలెను. ఈ ఆటలోని విద్య అంతయు ఇదియే.

ఇట్టి ఆట మన కన్నుల ముందే మరుగగుటకు కారణములు స్పష్టము. విశాఖకు 1933లో ఓడరేవు వచ్చెను. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమయ్యెను. నగరము పెరిగి, సింహాచలము కొండల చేరువనున్న గోపాలపట్నము నందును పెంకుటిండ్ల స్థానమున డాబాలు, అంతస్తుల భవనములు లేచినవి. ఎండకు, వానకు తాళు ఇల్లు కోరుకొనుట తప్పు కాదు. అయితే పెంకుతో పాటు వీధిలోని ఖాళీ జాగాయు పోయినది. నేడు పిల్లవానికి పెంకును చూపవలెనన్న వెదకవలసి వచ్చుచున్నది.

పెంకు లేనంత మాత్రమున ఆట ఆగనక్కరలేదు. చదునైన రాళ్ళు గాని, వడ్రంగి కోసియిచ్చిన చెక్క బిళ్ళలు గాని చాలును. పెంకులే దొరికినచో అంచులు నూరి నునుపు చేయవలెను. గుడ్డ బంతి గాని, మెత్తని రబ్బరు బంతి గాని వాడి, మోకాలి క్రిందనే కొట్టవలెనను నియమము పెట్టుకొన్నచో గాయముల భయముండదు.

మన కళాశాలలో లింగోచ అనువారును, పెంకులాట అనువారును ఒకే ప్రాంగణమున చదువుచున్నారు. ఉర్దూ, తెలుగు తరగతులవారిని కలిపి జట్లు కట్టి, వారమునకొక సాయంత్రము మైదానములో ఒక మూల ఈ ఆటకు కేటాయింపవలసినదిగా కళాశాల సంఘమును కోరుచున్నాము. విద్యార్థులు తమ ఇంటి పెద్దలనడిగి వారి వాడుకలోని పేరును, నియమములను వ్రాసి తెచ్చినచో తెలుగు శాఖలో వానిని భద్రపరచెదము.