నేను నేనేనా?

రామారెడ్డిలో ఒక ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు అనుకుందాం. అందులో ఒకామె చెయ్యి ఆగింది. చాటలో ఆకు ఉంది. తంబాకు ఉంది. ఆమె మాత్రం తన చేతుల వైపే చూస్తున్నది.

"ఏమైందే?" అని పక్కామె అడిగింది.

"ఏమో అక్కా. ఈ చేతులు నావి కానట్టు కొడ్తున్నది. మీరంతా అద్దం అవతల కూసున్నట్టు కనవడ్తున్నరు. నా మాట నాకే ఎవరో మాట్లాడినట్టు ఇనవడ్తున్నది. చెప్తే పిచ్చి అంటరని నెల రోజుల సంది చెప్పలే."

ఇది పిచ్చి కాదు. గాలి సోకడం కూడా కాదు.

దీనికి డాక్టర్లు ఒక పేరు పెట్టారు. నేను నేను కాదు అనిపిస్తే డీపర్సనలైజేషన్. చుట్టూ ఉన్న లోకం కలలాగా అనిపిస్తే డీరియలైజేషన్. పేర్లు పొడుగ్గా ఉన్నాయి. గుర్తు పెట్టుకోకపోయినా ఫరవాలేదు. ఒక్క మాట గుర్తుంటే చాలు. ఈమె "చేతులు నావి కావు" అనలేదు. "నావి కానట్టు కొడ్తున్నది" అన్నది. అంటే చేతులు తనవే అని ఆమెకు తెలుసు. తెలివి ఉన్నది. మనసే మొద్దుబారింది.

ఎందుకు మొద్దుబారుతుంది? పెద్ద భయం, పెద్ద దుఃఖం వచ్చినప్పుడు మెదడు అంతా ఒక్కసారి ఓర్చుకోలేదు. లాంతరు వత్తి తగ్గించినట్టు తన వెలుగు తానే తగ్గించుకుంటుంది. ఇంటి మనిషి చనిపోయినప్పుడు ఏడుపు కూడా రాక రాయిలా కూర్చున్న వాళ్లను మీరు చూసే ఉంటారు. దుబాయి పోయిన భర్త నుంచి ఫోను రాక, అప్పులవాళ్లు ఇంటికి వస్తుంటే, రాత్రులు నిద్ర లేని ఆమెకు కూడా ఇట్లా కావచ్చు. చాలామందికి కొద్దిసేపు వచ్చి పోతుంది. నూరు మందిలో ఒకరిద్దరికి మాత్రం జబ్బుగా నిలిచిపోతుంది.

మన దిక్కు ఇంకొక కారణం ఉన్నది. దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. అది కల్తీ కల్లు.

ఈత చెట్టు, తాటి చెట్టు ఇచ్చే కల్లు వేరు. తాగేవాళ్లు ఎక్కువ, చెట్లు తక్కువ. అందుకని కొందరు నీళ్లలో మత్తు మందు కలిపి కల్లు అని అమ్ముతారు. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ అనేవి ఆ మందులు. అల్ప్రాజోలం అంటే ఆందోళన తగ్గడానికి డాక్టరు చీటీ మీద ఇచ్చే మాత్ర. దాన్ని లెక్క లేకుండా సీసాలో పోస్తున్నారు. పొద్దంతా బీడీలు చుట్టి, ఒళ్లు నొప్పులకు సాయంత్రం ఒక సీసా తాగే ఆమెకు తాను మందు మింగుతున్నట్టు తెలియదు.

రోజూ మింగితే మెదడు దానికి అలవాటు పడుతుంది. బరువు బండిని లాగే ఎద్దులను చూడండి. బరువుకు తగ్గట్టు గట్టిగా లాగుతుంటాయి. తాడు పుటుక్కున తెగితే ముందుకు పడతాయి. మందు ఒక్కసారి ఆగితే మెదడుకు అట్లే అవుతుంది. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి. చెమట పోస్తుంది. నిద్ర పట్టదు. నేను నేను కానట్టు, ఇల్లు మన ఇల్లు కానట్టు అనిపిస్తుంది. కొందరికి ఫిట్స్ వస్తాయి. లేని మాటలు వినిపిస్తాయి.

2015 సెప్టెంబరులో సర్కారు కల్తీ కల్లును గట్టిగా ఆపింది. అప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆసుపత్రులు ఇటువంటి వాళ్లతో నిండిపోయాయి. మందు ఎక్కువైనా కష్టమే. 2025 ఏప్రిల్‌లో మన కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్లు తాగిన వాళ్లు వింతగా ప్రవర్తించారు. పదుల మందిని ఆసుపత్రికి తీసుకుపోయారు.

"కొంచెం కల్లు పోస్తే సర్దుకుంటది" అని ఇంట్లో అంటారు. కాసేపు సర్దుకుంటుంది కూడా. కానీ ఏ సీసాలో ఎంత మందు ఉన్నదో అమ్మేవాడికే తెలియదు. ఆసుపత్రిలో డాక్టరు కొలిచి ఇస్తాడు. రోజులు గడిచేకొద్దీ తగ్గిస్తూ మాన్పిస్తాడు. సొంతంగా ఒక్కసారి మానవద్దు. మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకోవద్దు.

రామారెడ్డి పక్కన ఇసన్నపల్లిలో కాలభైరవ స్వామి గుడి ఉన్నది. మనసు బాగోలేదని అక్కడికి వచ్చేవాళ్లు ఉన్నారు. మొక్కు మొక్కుకోవచ్చు. కానీ ఫిట్స్ వస్తున్న మనిషిని ముందు ఆసుపత్రికే తీసుకుపోవాలి. 108కి ఫోను చెయ్యాలి. ఇంకొక సంగతి. మనసు జబ్బు ఉన్నవాళ్లను గొలుసుతో కట్టెయ్యకూడదని 2017లో చట్టమే వచ్చింది.

కల్లు ముట్టనివాళ్లకు భయం వల్ల, దిగులు వల్ల వస్తే ఏం చెయ్యాలి? "నేను నేనేనా" అని మాటిమాటికి అద్దం చూసుకోవద్దు. చూసిన కొద్దీ ఎక్కువవుతుంది. చెప్పులు విడిచి చల్లని బండ మీద పాదాలు గట్టిగా ఆనించాలి. ముఖం మీద నీళ్లు చల్లుకోవాలి. తునికాకు వాసన చూడాలి. కట్టలో బీడీలు వేలితో తాకుతూ 25 దాకా లెక్కపెట్టాలి. కళ్లకు కనిపించేవి పైకి చెప్పాలి. ఇది చాట. ఇది కత్తెర. అది మా మేక.

చదువు నేర్చిన వాళ్లకు ఇంకొక ఉపాయం ఉన్నది. పలక తీసుకొని మీ పేరు, ఊరి పేరు, ఈ రోజు తేదీ రాయండి. రాసింది గట్టిగా చదవండి.

ఈ పనులతో ఆ గడియ గడుస్తుంది. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరు కావాలి. ఈ జబ్బుకే అని ఒక మాత్ర లేదు. లోపల ఉన్న భయాన్ని, దిగులును మాటలతో, అవసరమైతే మందులతో నయం చేస్తారు. 14416కి ఎవరైనా ఫోను చెయ్యవచ్చు. ఖర్చు లేదు. పగలు, రాత్రి ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. దీని పేరు టెలీ మానస్. 2022లో మొదలైంది. చచ్చిపోవాలని అనిపిస్తే వెంటనే చెయ్యాలి. అప్పుడు ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

డాక్టరు ముందు కూర్చుంటే మాట రాదు. అందుకని చీటీ రాసుకొని పోవాలి. అరుగు మీది ఆమె ఇట్లా రాసుకోవచ్చు:

నాకు నేను కానట్టు అనిపిస్తున్నది. నెల రోజుల నుంచి.
రాత్రి నిద్ర రెండు గంటలే.
కల్లు ఆరేండ్ల నుంచి తాగిన. రోజుకు రెండు సీసాలు.
ఆఖరుసారి మొన్న సోమవారం.
ఫిట్స్ రాలేదు.