అడ్వాన్సు ఇచ్చేముందు ‘ఏ రిజిస్టర్’ చూడండి

గుడియాత్తంలో మగ్గం నేసో, అగ్గిపెట్టెల కంపెనీలో చేసో, వేలూరు ఆసుపత్రుల్లో డ్యూటీలు చేసో కూడబెట్టిన డబ్బుతో రెండు సెంట్లు కొనాలని చూస్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. స్థలం చూపించేవాళ్లు ముందుగా మన చేతిలో పెట్టేది ఇంటిపన్ను రశీదు, కరెంటు బిల్లు. ఆ ఇంట్లో ఎవరో కాపురం ఉంటున్నారని అవి చెబుతాయి, అంతే. ఆ నేల ఎవరిదన్న సంగతి వాటిలో ఉండదు.

2021 నవంబరులో కౌండిన్య నదిమీది మోర్దానా డ్యాము నిండి పొర్లింది. నది గుడియాత్తం ఒడ్డు ఇళ్లలోకి వచ్చింది. ఆ తర్వాత అధికారులు నది పోరంబోకులోని కట్టడాలను తొలగించారు. నదులు, చెరువులు, బాటలు ప్రభుత్వానివేనని 1905 నాటి భూ ఆక్రమణల చట్టం చెబుతోంది. అలాంటి చోట స్థలం కొన్నవారు ఎంత డబ్బు పోసినా, ఎన్నేళ్లు పన్ను కట్టినా యజమానులు కాలేరు. అమ్మినవాడికే లేని హక్కు కొన్నవాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే బేరానికి ముందు సర్వే నంబరు అడగండి. అది పట్టా భూమా, సర్కారు పోరంబోకా అన్నది తమిళనాడు రెవెన్యూ శాఖ వెబ్‌సైటులో ‘ఏ రిజిస్టర్’ నకలు చూస్తే తెలుస్తుంది. పోరంబోకు అని ఉంటే అడ్వాన్సు ఇవ్వకండి.

పట్టా ఉన్నంత మాత్రాన కూడా నిశ్చింతగా ఉండలేం. పట్టా రెవెన్యూ లెక్క, దాని ఒక్కదానితోనే యాజమాన్యం రాదని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. ఇల్లు, స్థలం చేతులు మారడానికి రిజిస్టరైన విక్రయ పత్రం ఉండాలి. అగ్రిమెంటు, పవర్ ఆఫ్ అటార్నీ కలిపి ఇచ్చి ‘ఇక ఇది మీదే’ అంటే నమ్మకండి, వాటివల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. ‘రిజిస్టర్ ఆఫీసులో అన్నీ చూస్తారు’ అనుకోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. అమ్మేవాడికి హక్కుందో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రార్ పని కాదని తమిళనాడు కేసులోనే 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పని మనమే చేసుకోవాలి. కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, ఒక్కో లావాదేవీకి పాత దస్తావేజు అడగాలి. ఈసీలో వారసుల వాటాలు కనబడవు. పిత్రార్జితమైతే అక్కచెల్లెళ్లు కూడా సంతకం పెట్టాలి, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ నుంచి కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంది. ప్లాటైతే లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో కూడా అడగండి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, సొంత నేలమీద ఏం చేసినా చెల్లుతుందని కాదు. ఆంబూరు, పేర్నాంబట్టు, వాణియంబాడి తోళ్ల కర్మాగారాలు సొంత స్థలాల్లోనే నడిచాయి. వాటి మురుగు పాలారులో కలిసి బావులు పాడయ్యాయి. చెడగొట్టినవాళ్లే నష్టం భరించాలని వేలూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పరిహారం, బాగుచేత ఇంకా పూర్తికాక 2025 జనవరిలో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. పక్కవాడి నీళ్లు పాడుచేసే హక్కు ఏ దస్తావేజులోనూ రాదు. మరోపక్క ప్రభుత్వమైనా చట్టం ప్రకారం తప్ప మన ఆస్తి తీసుకోలేదు. 1978 రాజ్యాంగ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసినా, 300ఎ అధికరణంలో ఈ రక్షణ ఉంచింది.

దస్తావేజులు పరిశీలించడానికి అమ్మేవాళ్లు చూపిన వకీలు వద్దు, మీరు ఎంచుకున్న వకీలు కావాలి. తర్వాత గొడవ కోర్టుకెక్కితే ఫీజుకు భయపడి ఊరుకోకండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసహాయం ఉచితం. వేలూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.